మూడో మాత్రకి ముందు ఒక ప్రశ్న

ఆదివారం సాయంత్రం హిందూపురం స్టేషన్లో బెంగళూరు బండి కోసం నిలబడ్డవాళ్ళలో సగం మంది మనవాళ్ళే కనిపిస్తారు. భుజాన లాప్‌టాప్ బ్యాగు, చేతిలో అమ్మ కట్టిచ్చిన ఒబ్బట్ల డబ్బా. 2008 నుంచి నేనూ ఆ గుంపులో ఒకణ్ణే. కాకపోతే ఊరికి వచ్చేటప్పుడు నా బ్యాగులో ఇంకో కవరు ఉండేది. ధర్మవరంలో ఉండే మా మేనత్త కొడుక్కి ఫిట్స్ మందులు. అక్కడ అన్ని రకాలూ దొరికేవి కాదని నెలనెలా బెంగళూరులో కొని నేనే తెచ్చేవాణ్ణి. అలా పదమూడేళ్ళు తెచ్చాను. మందుల పేర్లు మారాయి, మోతాదు మారింది, కవరు బరువు పెరిగింది. ఫిట్స్ మాత్రం ఆగలేదు.

ఇన్నేళ్ళూ నేనేదో మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదని 2020లో గానీ తెలిసిరాలేదు. ఈ టపా ఆ ప్రశ్న గురించే.

(ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి సపోర్టు ఇచ్చే మామూలు ఇంజనీర్ని. ఇది చదివి ఎవరూ మందులు ఆపెయ్యొద్దు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదకి వస్తుంది.)

2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని హిందూపురం నుంచే పని చేశాను. రాకపోకలు మొదలయ్యాక ఒకసారి ధర్మవరం వెళ్ళి అత్తవాళ్ళింట్లో పడుకున్నా. అర్ధరాత్రి పక్క మంచం మీద మావాడి ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది, కాళ్ళు తన్నుకున్నాయి, గొంతులోంచి ఒక అరుపు. అరనిమిషం కూడా లేదు. అత్త లేచి అలవాటైన పనిలా వాణ్ణి పక్కకి తిప్పి, మళ్ళీ పడుకుంది. తెల్లవారేలోపు ఇంకో రెండుసార్లు వచ్చింది. "రోజూ ఇంతేనా అత్తా?" అంటే "ఈ వారం కొంచెం మేలే నాయనా" అంది. అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు. ఏడో ఏట మొదలయింది. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక వాడి ఈడు కుర్రాళ్ళు కొందరు ఆ పనులకి వెళ్ళారు. వీడు దరఖాస్తు కూడా పెట్టలేదు.

మర్నాడు ఫైలు మొత్తం ముందేసుకుని కూర్చున్నా. గార్డినాల్, ఎప్టాయిన్, టెగ్రిటాల్, వల్పారిన్, లెవెటిరాసిటామ్... ఒకటి తీసి ఇంకొకటి, తర్వాత రెండు కలిపి, ఆ తర్వాత మూడు కలిపి. నలుగురు డాక్టర్లు, ఐదు రకాల మందులు. 2009లో తీసిన ఎమ్మారై ఒకటి, దాని కింద ఒకే మాట: నార్మల్. 'సర్జరీ' అన్న మాట ఆ ఫైల్లో ఎక్కడా లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ కావాలనలేదు. అసలా ప్రస్తావనే రాలేదు.

సరే, అసలు విషయానికొస్తా.

గ్లాస్గోలో క్వాన్, బ్రాడీ అనే ఇద్దరు డాక్టర్లు 2000లో ఒక లెక్క ప్రచురించారు. అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిని గమనించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. ఇది మంచి వార్త, ఇది కూడా అందరికీ తెలియాలి. మొదటిది పనిచెయ్యనివాళ్ళకి రెండోదో మూడోదో ఇస్తే ఇంకో 14 శాతం మందికి ఆగాయి. రెండు మందులు కలిపి ఇస్తే మరో 3 శాతం. అంతే! మిగిలిన మూడోవంతు మందికి మందులు మారుస్తూ పోయినా పెద్దగా ఫలితం లేదు.

అందుకే 2010లో అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం ఒక నిర్వచనం పెట్టింది. రోగానికి సరిపోయే మందులు రెండు, సరైన మోతాదులో, సరిగ్గా వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలి. ఐదు కాదు, ఎనిమిది కాదు... రెండు. ఆ మాట అనగానే, అంటే మూడో మందు రాసేటప్పుడే, "ఈ మనిషికి సర్జరీ పనికొస్తుందా?" అని చూడమని అదే సంఘం నిపుణులు 2022లో మళ్ళీ గట్టిగా చెప్పారు. ఎన్నేళ్ళనుంచి ఉంది, ఆడా మగా, డబ్బుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా 70 ఏళ్ళ వరకూ ఎవరినయినా పంపించమన్నారు.

మన భాషలో చెప్పాలంటే ఇది ఎస్కలేషన్ రూలు. మనం చేసే సపోర్టులో ఒక టికెట్టు ఎల్1 దగ్గర రెండుసార్లు వర్కరౌండు ఇచ్చినా మళ్ళీ ఓపెన్ అయితే ఏం చేస్తాం? ఎల్3కి పంపుతాం. పంపకుండా అదే వర్కరౌండు పేరు మార్చి మార్చి పద్నాలుగేళ్ళు ఇస్తే ఆ క్లయింటు ఉంటాడా? ఎవడో గుజరాతీ షేటు ఇన్వాయిసు గురించి నేను రాత్రి రెండింటికి ఎస్కలేట్ చేశాను. మా అత్త కొడుకు మెదడు గురించి చెయ్యలేదు.

ఇప్పుడు ఆ "నార్మల్" సంగతి చూద్దాం.

తల్లి కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు నాడీకణాలు లోపలి భాగంలో పుట్టి, అక్కడినుంచి ప్రయాణం చేసి పైపొర దాకా వచ్చి వరసలో కూర్చోవాలి. కొన్నిసార్లు కొన్ని కణాలు దారిలోనే ఆగిపోతాయి. కొన్నిసార్లు పైకి వచ్చినా వరస తప్పి, ఆకారం తప్పి కూర్చుంటాయి. ఈ రెండోదాన్ని ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా అంటారు. 1971లో టేలర్, ఆయన సహచరులు దీన్ని మొదట వివరంగా రాశారు. ఇది గడ్డ కాదు, పెరగదు. పుట్టినప్పుడు ఎంతుందో అంతే ఉంటుంది, ఒక్కోసారి చిటికెన వేలి గోరంత. కానీ అక్కడినుంచి బయల్దేరే తప్పుడు కరెంటు మొత్తం మెదడుని కుదిపేస్తుంది. మూర్ఛకి ఆపరేషన్ చేయించుకున్న 9,523 మంది నుంచి తీసిన మెదడు ముక్కల్ని యూరప్‌లో పరీక్షించి 2017లో ప్రచురించారు. అందులో దాదాపు 20 శాతం ఇలాంటి పుట్టుకతో వచ్చిన నిర్మాణ లోపాలే. పిల్లల్లో అయితే ఈ డిస్‌ప్లేసియాదే మొదటి స్థానం.

ఇదంతా మా అత్తకి చెప్పడానికి నేను చాలా అవస్థ పడ్డాను. వైరింగు అన్నాను, షార్ట్ సర్క్యూట్ అన్నాను. కాసేపు విని తనే అంది: "అచ్చు అతికేటప్పుడు ఒక పోగు తప్పు పడితే చీర పొడుగునా అదే తప్పు వస్తాది కదప్పా. అట్లాంటిదేనా?" అంతకంటే బాగా నేను చెప్పలేను. నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి మరి. తర్వాత కొంచెంసేపు ఆగి ఇంకో మాట అడిగింది. "అయితే గ్రహణం నాడు నేను బయటికి పోయినందుకు కాదా?"

పద్నాలుగేళ్ళుగా ఆ మాట మోస్తోందని ఇంట్లో ఎవరికీ తెలీదు. పెనుకొండలో మా మామవాళ్ళ పెద్దలు ఎవరో అన్నారట. కాదత్తా, కానే కాదు. ఈ డిస్‌ప్లేసియాలో ఒక ముఖ్యమైన రకం గురించి ఇప్పుడు బాగా తెలిసింది. చాలామందిలో అది బిడ్డ కడుపులో పెరిగేటప్పుడు ఒకే ఒక్క కణంలో జరిగిన జన్యు మార్పు. ఆ కణం నుంచి పుట్టిన కణాల్లోనే ఉంటుంది, ఒంట్లో మిగతా చోట్ల ఉండదు. తల్లి చేసిన పనీ కాదు, చాలామందిలో వంశంలో ఉన్నదీ కాదు. సర్జరీ సంగతి అటుంచండి, ఈ ఒక్క ముక్క తెలియడానికైనా ఆ పరీక్షలు ముందే చేయించి ఉండాల్సింది అనిపించింది.

మరి 2009 ఎమ్మారైలో ఎందుకు కనపడలేదు? మామూలు ఎమ్మారై దళసరి ముక్కలుగా తీస్తారు, మధ్యలో ఖాళీలుంటాయి. గోరంత లోపం ఆ సందులో పడిపోతుంది. మూర్ఛ కోసం తీసే పద్ధతి వేరు. ఒక మిల్లీమీటరు మందంతో, ఖాళీల్లేకుండా, వీలైతే 3 టెస్లా మెషీన్లో తీస్తారు. దాన్ని కూడా ఫిట్స్ ఎటునుంచి మొదలవుతున్నాయో తెలిసిన కళ్ళు చూడాలి. చెయ్యి ఎటు బిగుసుకుంది, తల ఎటు తిరిగింది, నిద్రలోనా మెలకువలోనా... ఇవన్నీ లాగ్ ఫైళ్ళే. మా వాడికి ఎడమ చెయ్యి, నిద్రలో, అరనిమిషం. ఇవి విని డాక్టరు కుడివైపు ముందు భాగం చూడాలన్నారు. బెంగళూరులో కొత్త ఎమ్మారై తీస్తే అక్కడే ఉంది. అప్పుడు పాత ఫిల్ములు పెట్టి చూస్తే, తెలిసి చూస్తే, అక్కడా ఏదో లీలగా ఉన్నట్టే ఉంది. బగ్గు దొరికాక కోడు చూస్తే ఎదురుగానే ఉన్నట్టనిపిస్తుంది చూడండి, అలాగ. పాత రిపోర్టు రాసినాయన్ని నేనేమీ అనను. ఆయనకిచ్చిన చీటీలో "ఫిట్స్" అని తప్ప ఇంకేమీ లేదు.

మన వృత్తివాళ్ళకి నచ్చే విషయం ఒకటి. లండన్లో మెల్డ్ అనే ప్రాజెక్టువాళ్ళు 23 మూర్ఛ కేంద్రాల నుంచి 1,185 మంది స్కాన్లు పోగుచేసి, ఈ డిస్‌ప్లేసియాని వెతికే ప్రోగ్రాము రాశారు. రేడియాలజిస్టుల కంటికి చిక్కని లోపాల్లో 64 శాతం పట్టుకుందని 2025లో ప్రచురించారు. కోడు అందరికీ ఇచ్చేశారు. ఇంకా పరిశోధన స్థాయిలోనే ఉంది కాబట్టి మీ ఇంట్లోవాళ్ళ స్కాను మీరే రన్ చేసి నిర్ధారణ చేసెయ్యకండి! కానీ "నార్మల్" అన్న మాట ఆఖరి మాట కాదని చెప్పడానికి ఇది చాలు.

ఇక సర్జరీ. మెదడు ఆపరేషన్ అనగానే మా ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. మీ ఇంట్లోనూ అంతే ఉంటుంది. అయితే ఇది నిన్నగాక మొన్న వచ్చిన ప్రయోగం కాదు. లండన్లో హోర్స్‌లే 1886లోనే చేశాడు. మనకి పక్కనే ఉన్న వేలూరు క్రిస్టియన్ ఆసుపత్రిలో జేకబ్ చాందీ 1952లో మూర్ఛకి ఆపరేషన్ చేశారు. పొట్టి శ్రీరాములుగారు దీక్ష చేసిన సంవత్సరం అది. తిరువనంతపురం శ్రీచిత్రలో 1995 నుంచి దీనికి ఒక ప్రత్యేక కార్యక్రమమే నడుస్తోంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో చేస్తారు, హైదరాబాదు నిమ్స్‌లో చేస్తారు.

లెక్కలు కావాలంటే మన దేశంలోవే ఉన్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లల్ని, 18 ఏళ్ళలోపు వాళ్ళని, చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. 57 మందికి సర్జరీ, 59 మందికి ఏడాదిపాటు మందులు. 2017లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత సర్జరీ గుంపులో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందుల గుంపులో 7 శాతం మందికి లేవు.

రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను మార్కెటింగ్ వాణ్ణవుతాను. అదే లెక్కలో సర్జరీ అయినవాళ్ళలో 19 మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. అందులో 15 మందికి ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడ్డాయి. ఎవరూ చనిపోలేదు. అందరికీ ఆపరేషన్ పనికిరాదు. లోపం మాట్లాడే చోటో, చెయ్యి ఆడించే చోటో ఉంటే ముట్టుకోవడం కష్టం. లోపం మెదడు రెండువైపులా పరుచుకుని ఉంటే మొత్తం తీసెయ్యటం కుదరదు. ఎమ్మారైలో కనిపించే గట్టి రకంలో ఫలితం బాగుంటుంది, కనపడని రకంలో అంత ఉండదు. ఆపరేషన్ అయ్యాక కూడా మందులు చాలాకాలం వాడాలి.

కానీ ఇక్కడే జనం ఒక పొరపాటు పడుతున్నారు, నేనూ పడ్డాను. సర్జరీకి పనికొస్తుందా అని పరీక్ష చేయించడం వేరు, సర్జరీ చేయించుకోవడం వేరు. పరీక్షంటే ఆసుపత్రిలో కొన్ని రోజులుంచి, తలకి తీగలు అతికించి, ఎదురుగా కెమెరా పెట్టి ఫిట్స్ వచ్చేదాకా ఎదురుచూడటం. ఎమ్మారై, అవసరమైతే పెట్ స్కాన్, జ్ఞాపకశక్తి పరీక్షలు. ఆఖరికి డాక్టర్లందరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్ళు "వద్దు" అంటే వద్దు. "చెయ్యొచ్చు, ఇంత లాభం, ఇంత ప్రమాదం" అంటే అప్పుడు ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవచ్చు. లెక్కే తెలియకుండా భయపడి కూర్చోవటం మాత్రం నిర్ణయం కాదు. ఆపరేషన్‌లో ప్రమాదం ఉంది నిజమే. ఆగని ఫిట్స్‌లో కూడా ఉంది. నీళ్ళ దగ్గర, పొయ్యి దగ్గర, నిద్రలో... ఉన్నట్టుండి ప్రాణం పోయినవాళ్ళున్నారు. ఆ ప్రమాదం రోజూ కొంచెం కొంచెంగా ఉంటుంది కాబట్టి మనకి కనపడదంతే.

పెనుకొండ బాబయ్య దర్గాలో కట్టించిన తాయెత్తు మావాడి మెడలో ఇప్పటికీ ఉంది. నేను తియ్యమనలేదు. దర్గాకి వెళ్ళటం వల్ల మాకు పోయిందేమీ లేదు, అత్తకి ధైర్యం వచ్చింది. మాకు పోయింది వేరే చోట. చదువుకున్నవాళ్ళం, ఫైలు చదవగలిగినవాళ్ళం, నలుగురు డాక్టర్ల ఎదురుగా కూర్చుని "ఈ మందుతోనైనా తగ్గుతుందా?" అని అడిగినవాళ్ళమే గానీ "మందు కాకుండా ఇంకేమన్నా ఉందా?" అని అడగలేదు.

పెళ్ళి భయం ఇంకొకటి. "పరీక్షలంటే ఊరందరికీ తెలుస్తుంది" అనేవాడు మామ. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డుగా ఉన్న మాటని 1999లోనే తీసేశారు. చట్టం మారి పాతికేళ్ళు దాటినా మన పెళ్ళిచూపులు మారలేదు. దాచిపెడితే రోగం తగ్గదు, ఆలస్యం మాత్రం పెరుగుతుంది.

ధర్మవరం నుంచి బెంగళూరు రైల్లో రెండొందల కిలోమీటర్ల లోపే. మధ్యలో పెనుకొండ, హిందూపురం. హిందూపురం నుంచయితే వంద కిలోమీటర్లే. అమెరికాలో ఉన్నవాళ్ళు దూరం గురించి బాధపడితే అర్థముంది. మావాడికి వంద చిల్లర కిలోమీటర్ల దూరానికి పద్నాలుగేళ్ళు పట్టింది. మెషీన్లు లేక కాదు, డాక్టర్లు లేక కాదు. పూర్తిగా డబ్బు లేకా కాదు, మా దగ్గర డబ్బు తక్కువే గానీ ప్రభుత్వ సంస్థలున్నాయి. ఆ ప్రశ్న అడిగే మనిషి లేక.

ఆ మనిషి మీరే అని నా వాదన. ప్రతి ఇంట్లో మందుల కవరు మోసేవాడు ఒకడుంటాడు, మనవాళ్ళలో అది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాడే. మీ బంధువుల్లో, మీ పనిమనిషి ఇంట్లో, మీ క్యాబ్ డ్రైవరు ఇంట్లో ఫిట్స్ ఆగనివాళ్ళుంటే డబ్బులిచ్చేసి ఊరుకోకండి. ఒక అరగంట కూర్చుని ఫైలు చూడండి. ఇప్పటిదాకా ఎన్ని మందులు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళు అని ఒక కాగితం మీద రాయండి. ఫిట్స్ వచ్చినప్పుడు వాళ్ళని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా (తాళాలు, ఉల్లిపాయలు వద్దు), పక్కనున్న ఇంకొకరిని ఫోన్లో వీడియో తియ్యమనండి. ఐదు నిమిషాలు దాటితే వీడియో ఆపి ఆసుపత్రికి పరిగెత్తండి. ఆ కాగితం, ఆ వీడియో తీసుకెళ్ళి డాక్టరుగార్ని మర్యాదగా అడగండి: "అయ్యా, రెండు మందులు సరిగ్గా వాడినా ఆగలేదు. సర్జరీకి పనికొస్తుందేమో చూడటానికి ఎక్కడికి పంపిస్తారు?" ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏమేం వస్తాయో చేరకముందే అడిగి రాయించుకోండి.

మావాడి ఆపరేషన్ 2021లో అయింది. తర్వాత కొన్ని నెలలు నీరసం, చికాకు, ఏ పనీ మొదలుపెట్టలేకపోవటం. అప్పుడు తప్పు చేశామా అని నేను చాలా రాత్రులు భయపడ్డాను. మెల్లగా తేరుకున్నాడు. ఫిట్స్ మళ్ళీ రాలేదు. మూడు మాత్రల నుంచి ఒకదానికి వచ్చాడు, అది డాక్టరుగారు చెప్పినట్టే. ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్లో లెక్కలు రాస్తున్నాడు. తొమ్మిదో తరగతితో ఆగిన చదువు అలాగే ఉంది. మొన్న ఓపెన్ స్కూల్ ఫారం తెచ్చుకుని "బావా, ఇరవై అయిదేళ్ళకి పదో తరగతి రాస్తే నవ్వుతారా?" అని అడిగాడు. నవ్వరురా అన్నాను. వాడు పదిహేనేళ్ళకి రాయాల్సిన పరీక్ష అది. ఆ పదేళ్ళూ ఏ సర్జనూ తిరిగివ్వలేడు.

నా బ్యాగులో ఇప్పుడు మందుల కవరు లేదు, ఆ ఒక్క మాత్ర ధర్మవరంలోనే దొరుకుతుంది. మీ బ్యాగులో ఉంటే, ఈ ఆదివారం దాన్ని ఇచ్చేసి రాకుండా ఒక్కసారి ఫైలు అడిగి చూడండి.